నివురు మీద అరచెయ్యి

పొద్దు వాలకముందే భోజనం ముగించి బండెక్కాలి. మీరిప్పుడు ఉన్నది హవాయిలో, మౌనా కేయా కొండ నడుమ, హాలే పోహాకు అనే బసలో. సముద్రమట్టం నుంచి 2,800 మీటర్ల ఎత్తు. 1998 జనవరి. పొద్దున కింద హిలో ఊళ్లో వానకు చొక్కా వంటికి అతుక్కుపోయింది. ఇక్కడ స్వెటరు మీద కోటు, దాని మీద ఇంకో కోటు.

బస దాటగానే మట్టిరోడ్డు. చక్రాల వెనక దుమ్ము లేస్తోంది. అది పొలంగట్ల దుమ్ము కాదు, ఈ కొండ ఒకప్పుడు కక్కిన బూడిద, చిట్టెం. రెండు పక్కలా బోర్లించిన గంపల్లా ఎర్రటి దిబ్బలు. చెట్టూ చేమా లేవు. కొండకొమ్ము దగ్గరపడుతుంటే ఉన్నట్టుండి తారురోడ్డు తగులుతుంది. కిందంతా వదిలేసి ఇక్కడే ఎందుకు తారు వేశారంటే, దుమ్ము లేవకూడదని. పైనున్న టెలిస్కోపుల అద్దాల మీద నలుసు వాలితే, వాటి యజమానులకు కంట్లో పడ్డంత బాధ.

మీరు మాత్రం ఇవాళ దుమ్ము కోసమే కొండెక్కుతున్నారు.

బండి దిగేసరికి మబ్బులు మీ కాళ్లకింద, చాలా దిగువన, తెల్లటి దూదిపరుపులా పరుచుకుని ఉన్నాయి. ఎత్తు 4,092 మీటర్లు. నాలుగు మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. గాలి, సముద్రం ఒడ్డున ఉండేదానిలో అరవై శాతమే. బుర్ర కూడా నెమ్మదిస్తుంది. ఏడెనిమిదులెంత అని ఎవరైనా అడిగితే ఒక్క క్షణం తడుముకుంటారు. అందుకే ఇక్కడికొచ్చేవాళ్లు రాత్రి చేయాల్సిన పనులన్నీ కిందే, మెదడు కుదురుగా ఉన్నప్పుడే, కాగితం మీద వరసగా రాసుకొస్తారు. పైన కొత్తగా ఆలోచించడానికి ఎవరూ సాహసించరు.

ఎదురుగా జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ టెలిస్కోపు. పదిహేను మీటర్ల వెడల్పున్న పళ్లెం, 276 అల్యూమినియం పలకలు అమర్చి చేసింది. అద్దంలా మెరవదు. మన ముఖం చూసుకోవాలన్నా కుదరదు. దాని ముందు తెల్లటి తెర కట్టేసి ఉంది. వానకోట్లకు వాడే గోర్‌టెక్స్ జాతి బట్ట. రాత్రి పొడుగునా ఆ తెర అలాగే ఉంటుంది. తెర వెనక కూర్చునే ఈ పళ్లెం ఆకాశాన్ని చూస్తుంది, ఎందుకంటే దానికి కావలసిన తరంగాలకు ఆ బట్ట అడ్డు కాదు. మామూలు టెలిస్కోపుల దగ్గర పనిచేసి వచ్చినవాళ్లకు ఇది మొదట్లో మింగుడుపడదు. నక్షత్రాలు చూడటానికి వచ్చి పరదా వేసుక్కూర్చోవడమేమిటి?

కంట్రోల్ రూములో ఫ్యాన్ల రొద, కాఫీ వాసన. అందరూ మొదట చూసేది ఒకే అంకె. పక్కనున్న కాల్టెక్ టెలిస్కోపువాళ్ల యంత్రం కొద్ది నిమిషాలకోసారి గాలిలో తేమ ఎంతుందో కొలిచి చెబుతుంది. ‘టావ్’ అంటారు ఆ అంకెను. ఇవాళ 0.04. గదిలో ముఖాలు విచ్చుకుంటాయి. అంటే మీ నెత్తిమీదున్న గాలిలోని ఆవిరినంతా నీళ్లుగా పిండితే ఒక మిల్లీమీటరు కూడా రాదన్నమాట. వానాకాలంలో మన కోస్తా మీద గాలిని అలాగే పిండితే యాభై మిల్లీమీటర్లు దాటుతుంది. ఈ తరంగాలకు బట్ట అడ్డు కాదు కానీ నీటి ఆవిరి గోడ. సముద్రం మధ్యలో ఈ కొండ ఎక్కిందంతా ఆవిరి మీదికి తల ఎత్తడానికే.

పళ్లెం పట్టిన తరంగాలు చేరేది స్కూబా అనే పరికరానికి. ఎడిన్‌బరోలోని రాయల్ అబ్జర్వేటరీలో కట్టారు. నీళ్ల డ్రమ్ము లాంటి పాత్ర లోపల, తేనెపట్టు గదుల్లా గరాటులు పేర్చి ఉంటాయి. 850 మైక్రాన్ల తరంగాలకు 37, 450 మైక్రాన్లకు 91. ఒక్కో గరాటు చివర ఒక్కో బొలోమీటరు. పేరు గంభీరంగా ఉన్నా అది థర్మామీటరే. తన మీద పడ్డ తరంగం ఎంత వేడి చేసిందో చెబుతుంది, అంతే. ఆ వేడి తెలియాలంటే తను చల్లగా ఉండాలి కదా. అందుకని ద్రవ హీలియంతో, దాని పైన ఇంకో హీలియం మిశ్రమంతో, పరమశూన్యానికి డిగ్రీలో పదో వంతు దూరం వరకూ చల్లబరుస్తారు. నక్షత్రాల మధ్య శూన్యం కూడా అంత చల్లగా ఉండదు.

మా అమ్మమ్మ తెల్లవారుజామున పొయ్యి దగ్గర చేసే పని ఒకటుండేది. రాత్రి పిడకల మీద కప్పిన నివురు పైన, తాకకుండా, అరచెయ్యి పట్టుకుని నిలబడేది. కళ్లు మూసుకునే. “ఉంది” అనేది. ఆ తర్వాతే ఊదేగొట్టం అందుకునేది. నివురులో వెలుగు ఉండదు, పొగ కూడా ఉండదు. కింద నిప్పు ఉందో లేదో అరచేతికే తెలియాలి. స్కూబా అలాంటి అరచెయ్యి. చిక్కేమిటంటే, ఇక్కడ చెయ్యి పెట్టాల్సిన పొయ్యి విశ్వం అవతలి గట్టున ఉంది. పైగా చేతికీ పొయ్యికీ మధ్య అడ్డంగా ఇంకో మంట మండుతోంది. అది మన ఆకాశమే. ఈ తరంగాల్లో భూమి గాలి ధగధగ మెరుస్తుంది, వెతుకుతున్న గెలాక్సీ కన్నా లక్ష రెట్లకు పైగా.

దానికో ఉపాయం ఉంది. పళ్లెం ముందున్న చిన్న అద్దం సెకనుకు దాదాపు ఎనిమిది సార్లు ఊగుతుంది. ఒక ఊపుకు కావలసిన చోటు, ఇంకో ఊపుకు పక్కనున్న ఖాళీ ఆకాశం. కుడిచెయ్యి నివురు మీద, ఎడమచెయ్యి పక్క గచ్చు మీద పెట్టి తేడా చూసినట్టు. రెండింటిలోనూ గాలి మంట ఒకటే కాబట్టి తీసివేతలో పోతుంది. మిగిలిందే మనది. మిగిలేదెంత? పళ్లెం మొత్తం మీద పడే శక్తి, ఒక వాటును కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కలో పావు వంతు కూడా కాదు.

పది దాటాక ఒకసారి బయటికి వెళ్లి రండి. చలి కాదు, కోత. ఈశాన్యంలో సప్తర్షి మండలం లేస్తోంది, మన పెరట్లోంచి చూసినట్టే. పోలిక కోసం అనడం లేదు. ఈ కొండ భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉందో ఆదిలాబాద్ కూడా దాదాపు అంతే ఉత్తరాన ఉంది. అక్కడి డాబా మీద పడుకున్నవాడికీ మీకూ ధ్రువనక్షత్రం ఒకే ఎత్తు. నాలుగు కాళ్ల మంచానికి తోక తగిలే చోట ఉన్న మసక చుక్క అత్రి, తోకలో మొదటిది అంగిరసుడు. వాళ్లిద్దరికీ కాస్త పైన, కంటికి ఏమీ కనిపించని చోట, చెయ్యి చాచి పట్టుకున్న ఇసుక రేణువంత చదరం ఊహించుకోండి. రెండేళ్ల క్రితం, 1995 డిసెంబరులో, హబుల్ టెలిస్కోపు ఆ ఖాళీని పది రోజులు రెప్ప వేయకుండా చూసింది. 342 ఫొటోలు. వాటిని కలిపితే మూడు వేల గెలాక్సీలు బయటపడ్డాయి. ఆ ఫొటో ప్రింటు లోపల బల్ల మీద ఉంది. నీలివి, పచ్చనివి, సుడులు, గుడ్లు, పొట్టు రాలినట్టు రంగు తునకలు. మనిషి అంతకుముందెప్పుడూ అంత లోతుకు చూడలేదు.

ఆ లోతులో హబుల్‌కు దొరకనిది ఏమైనా ఉందా అన్నదే ఇవాళ్టి పని.

అర్ధరాత్రికి చదరం ముప్పై డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. టెలిస్కోపు అటు తిరుగుతుంది. అంతకుముందే ఓ క్వేజార్ మీద గురి సరిచూశారు, ఆకాశం దళసరి కొలవడానికి పళ్లేన్ని పైనుంచి కిందికి వంచి చూశారు. ఇక చేసేదేమీ లేదు, కూర్చోవడమే. స్క్రీన్ మీద 37 అంకెలు మారుతూ ఉంటాయి. పైకి, కిందికి, పైకి. బొమ్మ రాదు. ఈ ఒక్క రాత్రితో రాదు. యాభై గంటలు పోగుచేయాలి. మంచి టావ్ ఉన్న రాత్రులు ఏరుకుని, ఫిబ్రవరి దాకా.

ఒంటిగంట. ఆపరేటర్ కుర్చీ వెనక్కి వాల్చి, చూపు మాత్రం టావ్ మీదే ఉంచాడు. ఈ ఖాళీలో, మనం వెతుకుతున్న గెలాక్సీలోని ఒక దుమ్ము నలుసు దగ్గరికి వెళ్లి వద్దాం.

దాని పరిమాణం మైక్రాన్‌లో పదో వంతు. దీపం చిమ్నీకి పట్టిన మసి రేణువు లాంటిది, లేదా అంత సన్నటి ఇసుక నుసి. నక్షత్రాల్లో తయారైన కార్బన్, సిలికాన్, ఆక్సిజన్ చల్లారుతూ గడ్డకట్టి పుట్టింది. ఆ గెలాక్సీ లోపల మీరు నిలబడ్డారనుకుంటే మీ చుట్టూ దుమ్ము తుఫానేమీ ఉండదు. గదంత చోటు గాలించినా ఒక్క నలుసు దొరకకపోవచ్చు. కానీ ఆ పల్చదనం వందల, వేల కాంతి సంవత్సరాల దూరం సాగుతుంది. అంత దూరం పొరలు పడితే, వెలుగుకు అది ఇటుకగోడ. చుట్టూ వేల కొద్దీ కొత్త నక్షత్రాలు భగ్గున మండుతుంటాయి. మీకు పైన కనిపించేది మాత్రం నల్లటి కప్పు.

ఒక అతినీలలోహిత కిరణం వచ్చి మన నలుసును తాకింది. నలుసు దాన్ని మింగేసింది. ఒళ్లు ఝల్లుమంది. ఆ కుదుపును తను దాచుకోలేదు. చిల్లర మార్చినట్టు, ఒక్క పెద్ద నోటుకు వెయ్యి చిన్న నాణేలుగా, బలహీనమైన పరారుణ కిరణాలుగా వదిలేస్తుంది. అలా మింగుతూ, వదులుతూ అది నిలిచే వేడి 35 కెల్విన్‌లు. మన లెక్కలో మైనస్ 238 డిగ్రీలు. దాన్ని వేడి అనడానికి నోరు రాదు. కానీ అలాంటి నలుసులు కోట్ల సూర్యుల బరువంత పోగుపడితే, అంత చల్లటి దుమ్మే లక్ష కోట్ల సూర్యుల శక్తితో వెలుగుతుంది. కంటికి తెలియని వెలుగు.

ఖగోళ శాస్త్రం చాలాకాలం ఈ దుమ్మును చీదరించుకుంది. 1930లో రాబర్ట్ ట్రంప్లర్ మన పాలపుంతలో నక్షత్రాల గుంపులు ఉండాల్సినదానికన్నా మసగ్గా ఉన్నాయని, మధ్యలో ధూళి ఉందని నిరూపించాక, దాన్ని లెక్కల్లోంచి తుడిచేయాల్సిన పొరపాటుగానే చూశారు. వాకిలి ఊడ్చినట్టు ఊడ్చేసి, వెనకున్న అసలు నక్షత్రం ఎంత వెలుగుతుందో లెక్కగట్టుకునేవారు. 1983లో ఐరాస్ ఉపగ్రహం పరారుణంలో ఆకాశమంతా గాలించినప్పుడు కథ తిరగబడింది. ఆర్ప్ 220 లాంటి గెలాక్సీలు మామూలు ఫొటోలో నలిగిన గుడ్డపేలికలా ఉండి, పరారుణంలో మాత్రం మన పాలపుంతను పదుల రెట్లు మించి వెలుగుతున్నాయి. రెండు గెలాక్సీలు ఢీకొని, వాయువంతా నడిమధ్యకు కుప్పకూలి, అక్కడ నక్షత్రాలు పుట్టుకొస్తున్నాయి. పురిటిగదికి పరదా కట్టింది దుమ్ము. ఆ తర్వాత కోబే ఉపగ్రహం కొలతల్లో ఇంకా పెద్ద సంగతి తేలింది. విశ్వంలో నక్షత్రాలు ఇప్పటిదాకా వెదజల్లిన వెలుగులో దాదాపు సగం, ఇలా దుమ్ములో చిల్లర మారాకే మనకు చేరుతోంది. అంటే హబుల్ ప్రింటులో ఉన్నది ఎంత అందమైనదైనా సగం లెక్కే.

మూడు గంటలు. ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవాలి, లేకపోతే ఈ రాత్రి జాగారానికి అర్థం లేదు. దీపం దూరమయ్యేకొద్దీ మసకబారుతుంది. ఊరిచివరి లాంతరుకైనా, గెలాక్సీకైనా ఒకటే న్యాయం. దుమ్ము గెలాక్సీలు 850 మైక్రాన్ల దగ్గర ఆ న్యాయం పాటించవు. విశ్వం సాగుతోంది కాబట్టి గెలాక్సీ ఎంత దూరమైతే దాని తరంగం అంత సాగి మనల్ని చేరుతుంది. మనం ఇక్కడ 850 దగ్గర పట్టుకున్నది, బయల్దేరినప్పుడు ఇంకా పొట్టి తరంగం. దుమ్ము అసలు జోరు 100 మైక్రాన్ల చుట్టుపక్కల. దూరం పెరిగేకొద్దీ మనకు ఆ జోరుకు మరింత దగ్గరి ముక్క దొరుకుతుంది. దూరం తీసుకుపోయేది ఎంతో, సాగడం తెచ్చిచ్చేది దాదాపు అంత. మనం పొయ్యికి దూరంగా జరిగేకొద్దీ పొయ్యి తనంతట తనే ఒక్కో కట్టె ఎగదోసుకున్నట్టు. అందువల్ల ఓ ఆరేడు వందల కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీ, పన్నెండు వందల కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీ ఇక్కడి అరచేతికి ఇంచుమించు ఒకే వెచ్చదనం. ఆండ్రూ బ్లెయిన్, మాల్కమ్ లాంగెయిర్ 1993లోనే కాగితం మీద ఈ లెక్క వేసి పెట్టారు. అప్పటికి స్కూబా ఇంకా కొండెక్కలేదు.

ఇందులో నష్టం కూడా ఉంది. వెచ్చదనం ఒకటే అయితే ఏది దగ్గర, ఏది దూరం? అరచెయ్యి చెప్పదు.

నాలుగింటికి చదరం తన ప్రయాణంలో అన్నిటికన్నా ఎత్తుకొచ్చి పడమరకు తిరుగుతుంది. అంకెలు పైకి, కిందికి. ఆరు దాటాక పడమటన కొండ నీడ మబ్బుల పరుపు మీద త్రికోణంగా పడ్డాక టావ్ చెడుతుంది. పొద్దు వెచ్చబడితే కింది తేమ పైకి ఎక్కడం మొదలెడుతుంది. దిగిపోవాలి. తలనొప్పి, పొడిబారిన పెదాలు, బస గదిలో కిటికీకి దళసరి తెర. పగలు నిద్రపోయి సాయంత్రం మళ్లీ అదే రోడ్డు, అదే ఎర్రదుమ్ము, చివర్లో అదే తారు.

బొమ్మ తేలేసరికి వసంతం. యాభై గంటల అంకెలు కూడి, తీసి, కంప్యూటరు గీసిన పటంలో అయిదు మచ్చలు. మూడు వేల గెలాక్సీలున్న చోట అయిదే. జులైలో నేచర్ పత్రిక ఆ పటాన్ని అచ్చేసింది. డేవిడ్ హ్యూస్ మొదటి పేరు, వెనక పదిహేను మంది దాకా. అప్పటికే ఏడాది ముందు ఇయాన్ స్మెయిల్, రాబ్ ఐవిసన్, ఆండ్రూ బ్లెయిన్ గెలాక్సీల గుంపులను భూతద్దాల్లా వాడుకుని ఇలాంటి మచ్చల్ని పట్టారు కాబట్టి ఇది మొదటిసారి కాదు. కానీ హబుల్ అంతలోతుగా చూసిన చోటునే ఎంచుకోవడంలో ఒక ధైర్యం ఉంది. అక్కడ ఇక దాగి ఉండటానికి ఏమీ లేదని అందరూ అనుకుంటున్న చోటు అది.

ఆ అయిదింటిలో ప్రకాశవంతమైనదానికి హెచ్‌డీఎఫ్ 850.1 అని పేరు. ప్రింటు మీద ఆ చోటు వెతికి మీరు పెన్సిలుతో సున్నా చుట్టండి. సున్నా పెద్దదిగానే చుట్టాలి. పదిహేను మీటర్ల పళ్లెమైనా ఇంత పొడుగు తరంగాలకు చూపు మొద్దు. పదిహేను ఆర్క్‌సెకన్ల వెడల్పున్న బొట్టుగా తప్ప చూడలేదు. అరచేతికి నిప్పు ఉందని తెలుస్తుంది, ఏ పిడక కింద ఉందో తెలియదు. మీ సున్నాలో అర డజను గెలాక్సీలున్నాయి. వీటిలో ఏది? మరుసటి ఏడాది ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోని ప్లాటో ద బ్యూర్ మీదున్న యాంటెనాల వరస ఆ బొట్టును చిన్న చుక్కగా బిగించింది. సున్నా కుంచించుకుపోయి ఒక గుడ్డు ఆకారపు గెలాక్సీ పక్కన ఆగింది. కానీ ఆ గెలాక్సీ దగ్గరిది, ముసలిది. అంత దుమ్ము రేపే వయసు కాదు. అసలుది దాని వెనకెక్కడో ఉండాలి. అక్కడ హబుల్ ఫొటోలో ఏముందంటే, ఏమీ లేదు.

దూరం తెలియడానికి పద్నాలుగేళ్లు పట్టింది. ఎన్నో జట్లు వచ్చాయి, ఎన్నో అంచనాలు వేశాయి. నాకు ఈ పద్నాలుగేళ్లే అసలు కథ అనిపిస్తుంది, పత్రికలకెక్కేది మొదలూ చివరా అయినా. 2012లో ఫేబియన్ వాల్టర్ జట్టు వెలుగు వదిలేసి వాయువును పట్టుకుంది. కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ అయాన్ తమ తమ తరంగాల మీద సంతకం పెడతాయి. ఆ సంతకం ఎంత సాగిందో చూస్తే దూరం తెలుస్తుంది. సాగుడు 6.18 రెట్లు. అంటే ఆ రాత్రి 850 మైక్రాన్లుగా స్కూబాలో పడ్డ తరంగం బయల్దేరినప్పుడు 137 మైక్రాన్లు. బయల్దేరి 1,250 కోట్ల ఏళ్లు. విశ్వం పుట్టి అప్పటికి 110 కోట్ల ఏళ్లే. 1998లో వేసిన అంచనాల కన్నా చాలా వెనక్కి.

అక్కడ ఏడాదికి 850 సూర్యుల బరువంత నక్షత్రాలు పుడుతున్నాయని వాళ్ల లెక్క. (మచ్చ పేరులోని 850 తరంగానిదే, ఇక్కడా మళ్లీ 850. కాకతాళీయమే, కానీ నవ్వు రాకుండా ఉండదు.) మన పాలపుంతలో ఏడాదికి ఒకటో రెండో. అంత చిన్న వయసులో విశ్వానికి అంత దుమ్ము ఎక్కడిదన్నది ఇంకో తలనొప్పి. నెమ్మదిగా ముసలివై, ఉబ్బి, మసి ఊదే నక్షత్రాల్లో చాలావాటికి అప్పటికి ఆ వయసే రాలేదు. త్వరగా పుట్టి త్వరగా పేలేవి భారీ నక్షత్రాలు. 1987లో మన పొరుగు గెలాక్సీలో పేలిన సూపర్‌నోవా శకలాల్లో, సూర్యుడి బరువులో దాదాపు సగమంత చల్లటి ధూళిని హెర్షెల్ టెలిస్కోపు 2011లో చూపించింది. బహుశా ఆ దారినే. అయితే పేలుడు వెనకే వచ్చే ఆఘాత తరంగం ఆ దుమ్ములో ఎంతను మళ్లీ పిండి చేస్తుందన్న దాని మీద వాదన తెగలేదు.

స్కూబా 2005లో పని ముగించింది. దాని తర్వాత వచ్చిన స్కూబా-2లో థర్మామీటర్లు పదివేలు దాటాయి. యాభై గంటల పని ఇప్పుడు ఒక పూట. చిలీలో 5,000 మీటర్ల మీద ఆల్మాకు 66 యాంటెనాలున్నాయి. వాళ్లకు మచ్చలు కావు, గెలాక్సీ లోపలి సుడులే కనిపిస్తాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు సైతం అత్రి, అంగిరసుల పైనున్న ఆ చదరాన్ని చూసింది. హెచ్‌డీఎఫ్ 850.1 చివరికి ఫొటోకు చిక్కింది. ఒకటి కాదు, ఉత్తరాన ఒక ముక్క, దక్షిణాన ఇంకో ముక్క, దుమ్ము ముసుగు లోంచి తొంగిచూస్తూ. చుట్టూ అదే కాలానికి చెందిన గెలాక్సీలు పదుల సంఖ్యలో, జాతరకు చేరుతున్న బళ్లలా.

పాత ప్రింటు అట్టపెట్టెలోంచి తీసి పక్కన పెట్టుకుని చూడండి. కాగితం అంచులు పసుపెక్కాయి. పెన్సిలు సున్నా చెరిగీ చెరగనట్టుంది. లోపల, గుడ్డు ఆకారపు గెలాక్సీ పక్కన, ఆ చోటు ఇప్పటికీ నల్లగానే ఉంది.